అప్పలకొండకు నాటిన మొక్క

సూరిబాబు నేవీలో ఇరవై రెండేళ్లు పనిచేసి, రిటైరై అనకాపల్లిలో స్థిరపడ్డాడు. సముద్రం పాలైన మూడు యుద్ధనౌకల పేరిట కాలనీ పార్కులో మూడు నేరేడు మొక్కలు నాటి, ఓడ పేరూ మునిగిన తేదీ రాసిన బోర్డులు పెట్టించాడు. ఆ మూడింట్లో అతను ఎక్కింది ఒక్కటీ లేదు. అయినా రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి సెల్యూట్ చేసేవాడు. వాకింగ్‌కు వచ్చినవాళ్లు అది అయ్యేదాకా ఆగి నడిచేవారు.

పూడిమడక నుంచి కాలనీకి చేపలు తెచ్చి అమ్మే దుర్గాలక్ష్మి ఒకరోజు గంప దించి అడిగింది.

"బాబూ, మా పడవ కూడా ములిగిపోనాది. దానికీ ఒక మొక్క ఎయ్యండి."

"యుద్ధంలో పోయిందా?"

"తుపానులో."

"మనుషులెవరైనా పోయేరా?"

"లేదు బాబూ. మా ఆయన ఈదుకుంటా వచ్చేసేడు. అన్నం కేరేజీ కూడా వదల్లేదు."

"అయితే కుదరదమ్మా. దీనికో పద్ధతుంది."

"మనిషి తిరిగొచ్చేడని మొక్క ఇవ్వరేటి? మీ ఓడల్లోవోళ్లు కూడా తిరిగి రావాలనే కదా ఎక్కేరు."

మర్నాడు సూరిబాబు నాలుగో గొయ్యి తవ్వి, పడవ పేరేమిటని దుర్గాలక్ష్మిని అడిగాడు.

"అప్పలకొండ. మా అమ్మ పేరు."

'అప్పలకొండ. నవంబరు పన్నెండున మునిగింది' అని బోర్డు రాయించాడు.

కాలనీలో రామతులసి అనే ఆవిడ అది చదివి, పాపం ఎవరావిడ, ఏ చెరువులో పడిందో అనుకుని ఒక బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించింది. ఎవరో ఫోటో తీశారు. అది ఫోన్లలో తిరిగి తిరిగి పూడిమడక చేరింది. ఊళ్లో నలుగురు పరామర్శకు వెళితే తలుపు తీసింది అప్పలకొండే.

ఆ మధ్యాహ్నం పార్కు ముందు ఆటో ఆగింది. డెబ్భై ఏళ్ల అప్పలకొండ దిగింది. వెనకాల దుర్గాలక్ష్మి పరుగున వచ్చింది.

"నన్ను ముంచేసినోడు ఎవులు?" అని అడిగింది ముసలామె.

సూరిబాబు చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాడు. "బోర్డు తీయించేస్తానమ్మా," అన్నాడు.

"వద్దు బాబూ. పోయేక దండెయ్యడానికి ఎవుడికి తీరిక? ఉండగానే సూసుకుంటాను. ఆ మూడూ ఎవులివి?"

అతను చెప్పాడు. ఏ ఓడలో ఎంతమంది పోయారో కూడా చెప్పాడు. ఆమె తన మొక్కకున్న దండ తీసి, దారం తెంపి, పూలన్నీ ఆ మూడు మొక్కల మొదళ్లలో వేసింది. తర్వాత బెంచీ మీద కూలబడి టీ అడిగింది.

సూరిబాబు ఇంటికెళ్లి తనే టీ పట్టుకొచ్చాడు. ఆమె గ్లాసు అందుకుని కూతురి వైపు చూసింది.

"పడవకి పేరెట్టినపుడే దీనికి సెప్పేను బాబూ, నాకు ఈత రాదని."