పది తెరల మీద ఒక్క పేరు

అఖిల చేతిలోని సర్టిఫికెట్‌లో రెండేళ్ల కష్టానికి దక్కిన మాట ఒక్కటే: టైపిస్టు.

కోరుట్ల బస్టాండు దగ్గర గంగాప్రసాద్ నడిపే కంప్యూటర్ సెంటర్లో, తెలుగు అక్షరాలను తెరమీద పొందికగా కూర్చే ప్రోగ్రాము రాసింది ఆమే. దాని మీద తన పేరు వేయమని అడిగినందుకు ఆయన కొలువు ఊడబీకి, ఆ కాగితం విసిరేశాడు. "సాంచెలు నడిపెటోని బిడ్డవు. నీకు పేరెందుకే?" అన్నాడు, ఇరవై మంది పిల్లల ముందు. సిరిసిల్లలో పొద్దంతా మరమగ్గాల చప్పుడు మధ్య నిలబడే తండ్రి మొగిలిని అన్న మాట అది. అఖిలకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడవలేదు. ఏడిస్తే వాడు గెలిచినట్టే కదా!

"పోయేముందట రేపటి సాఫ్ట్‌వేర్ ప్రారంభోత్సవం పిలుపు టైపు జేసి పో," అన్నాడు మహానుభావుడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

సెంటర్లో ఉన్నది ఒకటే పెద్ద కంప్యూటరు, దానికి పది తెరలు. ఆమె రాసిన అక్షరాల ఫైలూ ఒక్కటే. ఎన్ని ప్రోగ్రాములు తెరిచినా కంప్యూటరును లోపలినుంచి నడిపే కెర్నల్ ఆ ఫైలును ఒక్కసారే మెమరీలోకి తెచ్చి, అవే పేజీలను అన్నిటికీ చూపిస్తుంది, గ్రంథాలయంలో ఒక్క పేపరును పదిమంది చదివినట్టు. ఆ ఫైలు మీదే కొత్తది రుద్దితే నడుస్తున్నవన్నీ అక్కడికక్కడే కూలతాయి, అఖిల పట్టుబడుతుంది. కొత్తది పక్కన తయారుచేసి, పాతదాని పేరు దానికి పెడితే? నడిచేవి పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. మూసి తెరిచినప్పుడే కొత్తది దొరుకుతుంది.

అఖిల ఆ పనే చేసింది. కొత్త ఫైలులో ఒక్క ముక్క చేర్చింది. పాతదాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, సెంటర్లో దాని ఆనవాలు లేకుండా చేసింది. పిలుపు కూడా తప్పుల్లేకుండా టైపు చేసింది.

అవి సకల జనుల సమ్మె రోజులు. మర్నాడు ఊరంతా బందు. గంగాప్రసాద్ మాత్రం గుమ్మానికి జై తెలంగాణ గుడ్డ కట్టి, జగిత్యాల నుంచి పెద్దమనుషులను పిలిపించి మైకు పట్టాడు. "మన నీళ్లు దోచుకున్నరు, మన కొలువులు దోచుకున్నరు! గీ సాఫ్ట్‌వేర్ మాత్రం మనది. నేనే రాసిన!"

చివరి వరసలో అఖిల పళ్లు కొరుక్కుంది. నిన్నటి నుంచి మూయని పది తెరలూ బుద్ధిగా వెలుగుతున్నాయి. ఆమె చూపంతా గుమ్మం మీదే ఉంది. బందు చేయించేవాళ్లు ఏ షట్టరునూ వదలరని ఆమెకు తెలుసు.

రానే వచ్చారు. సమ్మెలో ఉన్న పంతులు ఎల్లేశం ముందు, ముప్పైమంది వెనక. "ఏంది సార్, ఊరంత బందుంటే నీకు పండుగనా? బంద్ చెయ్!"

గంగాప్రసాద్ గబగబా తెరల మీది ప్రోగ్రాములన్నీ మూయించి చేతులు జోడించాడు. "అన్నా, గిది మన భాష పని. ఒక్కపాలి జూసి పోండ్రి."

"సరే, చూపియ్," అన్నాడు ఎల్లేశం మెత్తబడి.

మళ్లీ తెరిచారు. పది తెరల నెత్తినా ఒకటే ముక్క: "ఈ అక్షరాలు కూర్చింది సిరిసిల్ల సాంచెల మొగిలి బిడ్డ అఖిల. గంగాప్రసాద్ దొంగ."

ఎల్లేశం పాఠం చెప్పినట్టు పైకి చదివాడు. "వారీ! మన కొలువులు దోచుకున్నరని మైకుల ఒర్రుకుంట, నువ్వే గీ పిల్ల కష్టం దోచుకుంటివా?"

జనం గొల్లుమన్నారు. గంగాప్రసాద్ చెమటలు కక్కుతూ కీబోర్డు మీద పడి ఆ ఫైలును చెరిపేశాడు. పేరు పోలేదు! పోతుందా మరి? తెరిచిన ప్రోగ్రాములు మెమరీలో దాన్ని పట్టుకునే ఉన్నాయి. రాసినవాళ్లకు తెలిసే సంగతి అది, దొంగిలించినవాడికి ఎట్లా తెలుస్తుంది? అఖిల కడుపు చల్లబడింది. అయ్యో పాపం అనిపించిందా అంటే, రవ్వంత కూడా అనిపించలేదు.

ఆయన ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. ఈసారి పేరు పోయింది. దాంతో పాటు అంతా పోయింది. ఫైలే లేదు కనుక ఒక్క ప్రోగ్రామూ తెరుచుకోలేదు, ఒక్క అక్షరమూ రాలేదు. పెద్దమనుషులు జీపెక్కారు.

గంగాప్రసాద్ చివరి వరస దగ్గరికి వచ్చాడు. "బిడ్డా అఖిలా, తప్పయింది. నీ దగ్గర పాత ఫైలు ఉంటది గదా. జర ఎక్కియ్యమ్మా, నీకు దండం బెడత."

పెన్‌డ్రైవ్ ఆమె గుప్పిట్లోనే ఉంది. అఖిల రెండో చేత్తో సర్టిఫికెట్ మడత విప్పి, ఆయన ముఖం ముందు పట్టింది.

"నేనా సార్? టైపిస్టును. నాకేం తెలుస్తది?"