రేకు మీద నూకలు

పెళ్లయి నలభై రోజులు. అలమరలో తన చీరల పక్కన ఆయన చొక్కాలు కనిపిస్తే ఆమెకు ఇంకా నవ్వొచ్చేది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఆనుకుని నిలబడితే నవ్వొచ్చేది. సాయంత్రం ఆయన హార్డ్‌వేరు షాపు నుంచి వచ్చి గుమ్మంలోనే, "కళ్లు మూసుకో, చెయ్యి చాపు" అంటే ఇంక చెప్పనే అక్కర్లేదు. ఒకనాడు చాక్లెట్టు, ఒకనాడు తలుపుకి బిగించే ఇత్తడి గుబ్బ, ఒకనాడు ఉత్త ముద్దు.

అలా ఒకనాడు చేతిలో పడింది పిట్టల పళ్లెం. గుండ్రటి చెక్కపళ్లెం, చుట్టూ వేలెడు అంచు. పెరట్లో ఇనప గొట్టం పాతి దాని నెత్తిన బిగించాడాయన. నూకలు పోసిన మూడో రోజుకే పిచ్చుకలు వాలాయి. వాటిలో ఒకదాని రెక్కలో తెల్ల ఈక ఉంది. ఆమె దానికి చెల్లెమ్మ అని పేరు పెట్టింది. గోడకున్న పాత మీటరు పెట్టెలో చెల్లెమ్మ గూడు. గూట్లో మూడు పిల్లలు, ఒళ్లంతా నోళ్లే. పోతుపిచ్చుకని అంతకుముందే పిల్లి ఎత్తుకుపోయింది. ఆ మూడూ ఎగిరే రోజు చూడాలి, ఆమెకు అదొక్కటే కోరిక.

అడ్డల్లా మేనేజరు. మేనేజరంటే ఉడుత. సరిగ్గా ఎనిమిదింటికి వచ్చి, పళ్లెం మధ్యలో కూర్చుని, పిచ్చుకలన్నిటినీ నిలబెట్టి తినేది.

ఆయన గొట్టానికి గ్రీజు రాశాడు. మేనేజరు సగం ఎక్కి, సర్రున జారి, కిందపడి తన చేతులు తనే చూసుకుంది. ఆమె ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆయన ఉడుతని వదిలేసి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకోసారి నవ్వవూ?"

"దాన్నడగండి, ఇంకోసారి జారమని!"

మర్నాడు నూకల్లో కారం కలిపాడు. పిట్టలకి మంట తెలీదు, ఉడుతకి తెలుస్తుందని షాపులో ఎవరో చెప్పారట. గోడ మీంచి పళ్లెంలోకి దూకిన మేనేజరు, రెండు గింజలు నమిలి, కిందికురికి మూతి మట్టిలో రుద్దుకుంది. మెట్ల మీద కాఫీ గ్లాసులతో ఇద్దరూ సినిమా చూసినట్టు చూశారు.

"నిన్నటంత నవ్వలేదేం?" అన్నాడాయన.

తువ్వాళ్లు ఆరేస్తున్న అత్తగారు వెనక్కి తిరిగింది. "ఏరా, నోరులేనిదాన్ని ఏడిపించి కాఫీలు తాగుతున్నారా?"

"నీకు సరదా తెలీదమ్మా."

ఆ సాయంత్రం ఆయన పళ్లెం కింద జానెడు దిగువన వెడల్పాటి రేకు బిగించి, దాని మీద ఎలుకల్ని పట్టే జిగురు అట్ట పరిచాడు. ఈసారి గొట్టం పీకి గోడకి దూరంగా పాతాడు. దూకితే రేకు మీదే పడాలి.

"పిట్టలు అంటుకోవూ?"

"పిట్టలు పైన పళ్లెంలో తింటాయి. రేకు మీద వాటికేం పని? లెక్కంటే లెక్కే మరి."

తన మొగుడు ఎంత తెలివైనవాడో అనుకుంది ఆమె.

పొద్దున్నే మేనేజరు పడింది. అలవాటుగా ఆమెకు ముందు నవ్వొచ్చింది. నాలుగు కాళ్లూ, గడ్డమూ అంటుకుపోయి, అది ఒక కాలు పీక్కోబోతే తోలు సాగింది. నవ్వు ఆగిపోయింది.

"నవ్వవేం? నీకోసమే కదా ఇదంతా," అన్నాడాయన. అట్టని ఉడుతతో సహా పుస్తకం మూసినట్టు మడిచి చెత్తడబ్బాలో పడేసి షాపుకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాకా డబ్బాలో గీరుతున్న చప్పుడు. ఆమె వంటింట్లో ఖాళీ మిక్సీ తిప్పింది. సాయంత్రం ఆయన కొత్త అట్ట పరుస్తుంటే వద్దనలేదు. చెల్లెమ్మకి తిండి మిగులుతుంది కదా అనుకుంది.

పిచ్చుకలు కుదురుగా తినవు. కాళ్లతో చిమ్ముతాయి, ముక్కుతో విసురుతాయి. చిమ్మిన నూకలన్నీ రేకు మీద రాలి, జిగురులో ముత్యాల్లా మెరిశాయి. మూడో రోజు పదింటికి వాటికోసం చెల్లెమ్మ కిందికి దిగింది.

"అత్తయ్యా!"

అత్తగారు నూనె సీసాతో పరుగున వచ్చింది. "లాగకు, చర్మం ఊడొస్తుంది. జిగురుకి నూనే మందు." సీసా అంతా వొంపి, వేలి కొనతో ఒక్కో ఈకా విడదీసింది. తెల్ల ఈక అట్టకే ఉండిపోయింది. నూనెలో తడిసిన చెల్లెమ్మ అత్తగారి అరచేతిలో నాలుగుసార్లు నోరు తెరిచింది. అయిదోసారి తెరవలేదు.

మీటరు పెట్టెలో మూడూ అరుస్తున్నాయి. ఆమె అగ్గిపుల్ల కొనతో తడి పిండి అందించింది. అవి భయపడి మూలకి నక్కాయి, మళ్లీ అరిచాయి.

"రాత్రికి వాటంతటవే ఆపేస్తాయిలే," అంది అత్తగారు.

ఆమె చెల్లెమ్మని పూలకుండీలో పాతింది. అలమరలోంచి ఇంకో జిగురు అట్ట తీసి, పైకాగితం ఒలిచి, నట్టనడుమ తెల్ల ఈక అద్దింది.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకుండానే అడిగాడు. "ఇవాళ ఏం పడింది?" కళ్లు ఆమె పెదవుల మీదే ఉన్నాయి.

"కళ్లు మూసుకోండి. చెయ్యి చాపండి."

"అబ్బో, నాకా!" మురిసిపోయి రెండు చేతులూ చాపాడు.

ఆమె అట్టని జిగురువైపు కిందికి తిప్పి ఆయన రెండు అరచేతుల మీదా పరిచి, తన రెండు చేతులతో గట్టిగా నొక్కింది. ఆయన కళ్లు తెరిచాడు. లాక్కున్నాడు. మణికట్టు దగ్గర తోలు సాగింది.

"అబ్బా! ఏంటే ఇది! అమ్మా, నూనె!"

అత్తగారు సీసా బోర్లించి చూపించింది. ఒక్క చుక్కయినా రాల్లేదు. "పొద్దున్నే అయిపోయింది నాన్నా. ఆగు, పక్కింట్లో అడిగొస్తా," అంది. కదల్లేదు.

ఆయన మళ్లీ లాగాడు, మళ్లీ కేక పెట్టాడు. అప్పుడొచ్చింది ఆమెకు నవ్వు, గ్రీజు రాసిన రోజు నవ్వు, ఎక్కిళ్లతో సహా.

"నవ్వాపవే!"

"మీరేగా, ఇంకోసారి నవ్వమన్నారు," అంది.

పెరట్లో పిచ్చుకపిల్లల అరుపులు అప్పటికి రెండే వినిపిస్తున్నాయి.