ఆకుపచ్చ పీ

కారు వెనక అంటించే ఆ ఆకుపచ్చ పీ అక్షరాన్ని కొన్నది బెరిలే. మనవరాలు జోడీ డ్రైవింగ్ పరీక్ష ప్యాసైన మర్నాడే బార్న్‌స్లీ బజారుకు బస్సులో వెళ్లి, మోటారు సామాన్ల కొట్లో అరగంట నిలబడి ఎంచుకుంది. అయస్కాంతంతో అంటుకునేదైతే గాలికి ఎగిరిపోతుందేమోనని జిగురుది తీసుకుంది. కొత్తగా నడిపేవాళ్లు దాన్ని పెట్టుకుని తీరాలని చట్టమేమీ లేదు. వెనకొచ్చే లారీవాడు అది చూసైనా పిల్లను కంగారు పెట్టకుండా ఉంటాడని ఆమె ఆశ.

"దీంతో వెళ్తే మా ముసలాళ్లంతా కిటికీల్లోంచి చూసి ఎగతాళి చేస్తారు నానమ్మా," అని నవ్వింది జోడీ.

"చెయ్యనీ. ఎగతాళికి ఎవరూ చావరు."

జోడీకి పంతొమ్మిదేళ్లు. మంచం దిగలేని వృద్ధుల ఇళ్లకు పొద్దున్నే వెళ్లి, లేపి, ఒళ్లు తుడిచి, టీ తాగించి వచ్చే ఉద్యోగం. కొండ మీది ఊళ్లకు ఆ వేళకు బస్సుల్లేవు. కారుంటేనే పని. ఆమెకు ఆరేళ్లప్పుడు తల్లి గంటలో వస్తానని చెప్పి గుమ్మం దాటింది, మళ్లీ రాలేదు. అప్పటినుంచీ బెరిల్ దగ్గరే పెరిగింది. తండ్రి క్రెయిగ్ రెండో భార్యతో రెండు వీధుల అవతల ఉంటాడు.

కారుకు బీమా కుదిర్చింది క్రెయిగ్. కుర్రవయసు, కొత్త లైసెన్సు కావడంతో జోడీ పేరు చెబితే కారు ఖరీదు కన్నా బీమా ఎక్కువైంది.

"నీ పేరు పెడదామమ్మా. ఎక్కువగా నడిపేది నువ్వేనను. పిల్ల ఎప్పుడైనా తీస్తుందను. మన వీధిలో ఎవరింట్లో చూసినా ఇదే కథ."

"మూడేళ్లయింది నేను స్టీరింగ్ ముట్టుకుని. కళ్లు కూడా మసకలే కదరా."

"ఫోన్లో నీ కళ్లు వాళ్లకేం కనపడతాయి?"

అతనే నంబరు నొక్కి ఫోను చేతికిచ్చాడు. కారు ఎక్కువగా ఎవరు నడుపుతారని అటునుంచి ఒకమ్మాయి అడిగింది. "నేనే తల్లీ. చర్చికీ, కూరగాయలకీ," అంది బెరిల్. నాలుక తడబడలేదు. అదే ఆమెకు వింతగా అనిపించింది.

ఈ సంగతి జోడీకి ఇద్దరూ చెప్పలేదు. చెబితే ఒప్పుకోదని తెలుసు. ఆ పిల్ల నెలనెలా తన జీతంలోంచి బీమా డబ్బు తండ్రి చేతిలో పెడుతూ, అన్నీ సక్రమంగానే ఉన్నాయనుకుంది.

నవంబరులో ఒక చలి ఉదయం రౌండెబౌట్ కూడలి దగ్గర జోడీ కారు ఒక ప్లంబర్ వ్యాను వెనక తగిలింది. పిల్లకేమీ కాలేదు. ప్లంబరు మాత్రం మెడ పట్టుకుని కూర్చున్నాడు. పోలీసు అడిగితే జోడీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది: కారు నాదే, రోజూ దీంట్లోనే పనికి వెళ్తాను. అబద్ధం ఏమిటో తెలియని పిల్ల దాన్నెలా కాపాడుతుంది?

పది రోజులకు బీమా కంపెనీ నుంచి ప్రాక్టర్ అనే ఆయన వస్తున్నానని కబురు చేశాడు. క్రెయిగ్ ముందు రాత్రే ఫోను చేశాడు. "చెప్పిన మాట మీదే ఉండమ్మా. నువ్వు మాట మార్చావంటే మనందరం మునుగుతాం."

ప్రాక్టర్ మర్యాదస్తుడు. జోడీ ఇంట్లో లేని వేళ వచ్చాడు. టీ తాగాడు, బెరిల్ చేసిన పార్కిన్ కేకు రెండు ముక్కలు తిని, అల్లం ఘాటు మా అమ్మ చేసినట్టే ఉందన్నాడు. తర్వాత కాగితాలు తీశాడు.

"కారు ఎక్కువగా మీరే నడుపుతారు కదా, మిసెస్ హెప్‌వర్త్?"

"నేనే బాబూ."

"డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది." కుర్చీలోంచి నేలకు అందని ఆమె కాళ్ల వైపు చూశాడు.

"వయసొచ్చాక కుంచించుకుపోయాన్లే."

ఆయన నవ్వాడు. గండం గడిచిందనుకుంది బెరిల్. ఆయన ఒక ఫొటో తీసి బల్ల మీద ఆమె వైపు జరిపాడు. కారు వెనక భాగం. గుద్దుకున్నది ముందువైపు కనుక, వెనక ఆకుపచ్చ పీ చెక్కుచెదరలేదు.

"నలభై ఏళ్ల లైసెన్సు మీది. మరి ఈ పీ ఎవరికి?"

"మా జోడీ ఎప్పుడైనా తీసినప్పుడు..."

"మీరు చర్చికెళ్లేటప్పుడు పీకేస్తారా? మావాళ్లు గోటితో గీకి చూశారు, రాలేదు."

బెరిల్ కప్పులు సర్దింది. ఆయన కలం పక్కన పెట్టాడు.

"తొందర లేదు, ఆలోచించుకుని చెప్పండి. మీరు ఫోన్లో ఏం చెప్పారో ఆ అమ్మాయికి తెలుసా? తెలియకపోతే ఆ మాట రేపు ఆమెకే పనికొస్తుంది."

నిజం పెదవి దాకా వచ్చింది. పిల్లకు తెలియదంటే, దాచినది ఉందని ఒప్పుకున్నట్టే. అప్పుడు జోడీకీ తెలుస్తుంది. ఇన్నాళ్లూ నానమ్మ తనను మోసగించిందని తెలిసిన పిల్ల ఈ ఇంట్లో ఉంటుందా? బెరిల్ వీధి తలుపు వైపు చూసింది. కోడలు గంటలో వస్తానన్నదీ ఆ తలుపు దగ్గరే.

"తెలియడానికేముంది? కారు నేనే నడుపుతాను. పిల్లకు అన్నీ తెలుసు," అని సంతకం పెట్టింది.

బీమా మొదటినుంచీ చెల్లదని ఉత్తరం వచ్చింది. బీమా లేని కారు నడిపిందని జోడీ మీద కేసు. తెలియక నడిపినా తప్పు తప్పే. కానీ ఇంట్లోవాళ్లే పిల్లను నమ్మించి మోసం చేశారని రుజువైతే లైసెన్సు నిలబడొచ్చని లాయరు చెప్పింది. ఫిబ్రవరిలో బెరిల్ కోర్టులో నిలబడి, కొడుకు పేరుతో సహా జరిగిందంతా చెప్పింది. కొడుకు రాలేదు. డ్యూటీ ఉందన్నాడు.

మేజిస్ట్రేటు కళ్లద్దాలు సర్దుకుని కాగితం చదివింది. "'పిల్లకు అన్నీ తెలుసు.' ఈ సంతకం మీదేనా?"

"నాదేనమ్మా. అప్పుడు అబద్ధం చెప్పాను."

"ఫోన్లో ఒకటి చెప్పారు. ఇంటికొచ్చిన ఆయనతో అదే ఇంకా గట్టిగా చెప్పారు. ఇవాళ ఇంకొకటి. నన్ను దేన్ని నమ్మమంటారు, మిసెస్ హెప్‌వర్త్?"

జోడీ లైసెన్సు మీద శిక్షగా ఆరు పాయింట్లు పడ్డాయి. పరీక్ష ప్యాసై రెండేళ్లు కాలేదు కనుక ఆ ఆరుకే లైసెన్సు పోయింది. దాంతో ఉద్యోగమూ పోయింది.

కోర్టు మెట్ల మీద జోడీ అడిగింది. "నాకు తెలుసని ఎందుకన్నావు?"

"నువ్వు వెళ్లిపోతావని."

జోడీ కోటు గుండీలు కింద నుంచి పైదాకా పెట్టుకుంది, ఒక్కొక్కటే. బస్సులో బెరిల్ పక్క సీటు ఖాళీగా ఉన్నా ముందుకెళ్లి కూర్చుంది.

మార్చిలో స్కార్‌బరోలో ఒక వృద్ధాశ్రమంలో పని దొరికింది. ఉండడానికి గది కూడా ఇస్తారు. వెళ్లే రోజు బెరిల్ పార్కిన్ పొట్లం కట్టింది. జోడీ దాన్ని తీసుకుంది, సంచిలో పెట్టింది, చెంప మీద ముద్దు కూడా పెట్టింది. అన్నీ చేసింది.

గుమ్మంలో బెరిల్ నోటికి రోజూ అలవాటైన మాటే వచ్చింది. "నిదానంగా నడుపు తల్లీ."

జోడీ సంచి భుజం మార్చుకుంది.

"దేన్ని నానమ్మా?"