భుజం మీది వేళ్ళు

"ఇద్దరం ఉన్న ఫోటో ఇచ్చెయ్. మనవాళ్ళందరికీ నేను తెలుసు. నిన్నెవరు గుర్తుపడతారు?" అన్నాడు మధుబాబు, చపాతీ తుంచుతూ.

ఇంద్రజ పెనం మీది చపాతీ తిరగేసింది.

దేశం కాని దేశంలో, పాపకూర అనే ఊళ్ళో, వాళ్ళ పిల్లలు చదివే బడికి పాలకమండలి ఎన్నిక. తల్లిదండ్రులే నిలబడాలి, తల్లిదండ్రులే ఎన్నుకోవాలి. నిలబడేవాళ్ళు ఒక ఫోటో, తమ గురించి నాలుగు వాక్యాలు ఇస్తే, బ్యాలట్‌తో పాటు అవి ఇంటింటికీ వెళ్తాయి. ఇంద్రజ ఆ బడిలో చిన్నపిల్లలచేత పుస్తకాలు చదివించింది, వానలో రోడ్డు దాటించింది. జీతం లేదు. నిలబడమని హెడ్మాస్టరమ్మే అడిగింది. మధుబాబు వద్దనలేదు, నవ్వాడు. "మా ఊళ్ళో పిన్ని సర్పంచి. సంతకం ఆవిడది, పెత్తనం బాబాయిది. ఊరేమన్నా మునిగిందా?" నాలుగు వాక్యాలూ తనే టైప్ చేసిచ్చాడు. మొదటిది, ఐటీ మేనేజర్ మధుబాబు భార్యను.

వద్దనలేదు కదా అని ఆమె సంతోషపడింది. ఇన్నేళ్ళ కాపురం ఆమెకు నేర్పింది అంతే: అడ్డం పడకపోతే అదే సాయం. అత్తగారు ఇక్కడికి వచ్చిన ఆర్నెల్లూ "మావాడు పెళ్ళాన్ని కారు నడపనిచ్చాడు" అని ఫోన్లో అందరికీ చెప్పుకుంది. ఆ కారులో పిల్లల్ని దింపిందీ, సరుకులు తెచ్చిందీ, ఆవిణ్ణి ఆస్పత్రికి తిప్పిందీ ఎవరో చెప్పలేదు. ఇంద్రజ కూడా చెప్పలేదు.

మర్నాడు ఫోటోల కోసం వెతికింది. పిల్లల పుట్టినరోజులు, సెలవులకు వెళ్ళిన వెల్లింగ్టన్‌లో గాలికి చెదిరిన జుట్లు, అన్నీ ఆమె తీసినవే, ఆమె మాత్రం లేదు. ఉన్నవాటిలో పక్కన మొగుడున్నాడు. ఒకటి కత్తిరించింది. మొహం బాగానే వచ్చింది గాని, భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలాయి.

అది పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. హేమమాలి ఆంటీ సింహళ మనిషి, ఒకప్పుడు వాళ్ళ దేశంలో ఎంపీ. ఇప్పుడు కొడుకింట్లో ఉంటోంది. మధ్యాహ్నం టీకి ఇద్దరూ కలుస్తారు. మాటలు ఇంగ్లీషులో సాగుతాయి, ఒక్క దువా తప్ప. వాళ్ళ భాషలో అది కూతుర్ని పిలిచే పిలుపు.

"ఈ వేళ్ళెవరివి, దువా?"

"మా ఆయనవి."

ఆంటీ పకపకా నవ్వింది. "నీకు వేళ్ళే. నాకు మనిషి మొత్తం."

ఆమె భర్త ఎంపీ. ఇంటి గేటు దగ్గరే కాల్చి చంపారు. కన్నీళ్ళు ఆరకముందే పార్టీవాళ్ళు వచ్చి, మీరు నిలబడాలన్నారు.

"పోస్టరు మీద ఆయన బొమ్మ, దండతో. కింద బ్యాలట్‌లో నా నంబరు. నా మొహం లేదు. గెలిచాను. ప్రసంగం మరిది రాసేవాడు, నేను చదివేదాన్ని. ఒకసారి కాగితం పక్కనపెట్టి, మా ప్రసూతి ఆస్పత్రికి డాక్టర్ని వెయ్యండని అడిగాను. మరిది రెండు పూటలు అన్నం మానేశాడు."

"డాక్టరొచ్చాడా?"

"ఆడడాక్టరే వచ్చింది. మరుసటి ఎన్నికకి నా బొమ్మ వేయించాను. ఓట్లు సగానికి పడిపోయాయి. చావుతప్పి గెలిచాను. ఆ సగం నావి."

"భయం వెయ్యలేదా ఆంటీ?"

"వెయ్యకేం. పోయినవాడి బొమ్మ తీసేసినందుకు ఊరంతా తిట్టింది. నీ మొగుడు బతికే ఉన్నాడు. నీకు సులువు."

ఇంద్రజకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఆగలేదు.

అటునుంచటే బజారుకు నడిచింది. పాస్‌పోర్టు ఫోటోలు తీసే మందుల షాపులో తెల్లగోడ ముందు నిలబడింది. నవ్వకూడదంది ఫోటో తీసే పిల్ల.

"పాస్‌పోర్టుకి కాదు," అని ఇంద్రజ నవ్వింది.

బడి ఆఫీసు బల్ల దగ్గరే నాలుగు వాక్యాలు తనే కొత్తగా రాయబోయింది. మూడే అయ్యాయి. చాలనిపించి ఇచ్చేసింది.

రాత్రి అన్నాల దగ్గర మధుబాబు అడిగాడు. "ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను. నా ఫోటో. నేను రాసింది."

అతని చెయ్యి కంచంలో ఆగింది. "నాకు చూపించకుండానా? ఏం రాశావ్?"

ఇంద్రజ తనకూ కంచం పెట్టుకుని అతని ఎదురుగా కూర్చుంది. వేడన్నంలో పప్పు కలుపుకుంది.

"బ్యాలట్ మీ పేరున కూడా వస్తుందండీ. చదివి చూడండి. నచ్చితేనే వెయ్యండి."