టీచర్ చెరిపేసిన మాటలు

తొమ్మిదో తరగతి పిల్లలు సైన్సు పీరియడ్ ఎప్పుడొస్తుందా అని కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురు చూస్తున్నారంటే ఎవరైనా నమ్ముతారా? ఆ బడిలో లాప్‌టాప్‌లు వచ్చాక సరిగ్గా అదే జరిగింది. సైన్సు మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చి కాదు లెండి. టీచర్ రోజూ చేసే పొరపాటు ఒకటి వాళ్ల కంటపడింది. దాన్ని ఆవిడ చెవిన వేసే పాపాన ఒక్కరూ పోలేదు.

సైన్సు టీచర్ కంప్యూటర్ శిక్షణకు వెళ్లినప్పుడు ముందుగా ఈమెయిలు నేర్పారు. పంపమని నొక్కేదాకా మీరు రాసింది మీ దగ్గరే ఉంటుంది, భయపడకుండా రాసుకోండి, నచ్చకపోతే చెరిపేసుకోండి అని నేర్పినాయన భరోసా ఇచ్చాడు. ఆవిడ ఆ ముక్కను గట్టిగా పట్టుకుంది. పట్టుకుందంటే మరి ఉడుంపట్టే. ఆ తర్వాత తరగతి మొత్తానికీ కలిపి ఆన్‌లైన్‌లో ఒకే పేజీ ఇచ్చారు. పిల్లలు ఇంటి దగ్గరే అందులో తలా ఒక పేరా రాసుకొస్తారు. టీచర్ క్లాసులో కూర్చుని ఒక్కో పేరా కింద ఎర్రక్షరాలతో తన అభిప్రాయం రాస్తుంది. ఆ పేజీలో పంపడాలూ అందుకోవడాలూ ఉండవు. ఒకరు అక్షరం కొడితే అప్పటికప్పుడే అందరి స్క్రీన్ల మీదా పడుతుంది. ఆవిడేమో తను ఎంటర్ కొడితేనే వెళ్తుందనుకుంటోంది. నేను దిద్దుతున్నంతసేపూ ఎవరూ కీబోర్డు ముట్టుకోకూడదని కట్టడి కూడా చేసింది. దాంతో ఎదుటివాళ్ల అక్షరాలు కదలడం ఆవిడ ఏనాడూ చూడలేదు.

ఇక చూసుకోండి తమాషా. ఆవిడ ముందు మనసులో మాట రాసేసేది. తర్వాత నాలుక కరుచుకుని, దాన్ని చెరిపేసి, టీచర్లు రాయాల్సిన మాట రాసేది. గొంతు పెద్దదని అందరూ మైకు అని పిలిచే కుర్రాడి పేరా కింద ఒకసారి, "కప్పకు ఊపిరితిత్తులు లేవా? మరి వానాకాలమంతా నీలాగా అరిచేది దేంతోరా?" అని పడింది. అంతలోనే అది మాయమై "ప్రయత్నం బాగుంది" అని వచ్చింది. ముందు బల్ల అమ్మాయికి, "ఇది నువ్వు రాయలేదు, మీ అక్క రాసింది. ఈ తప్పు దానికి చిన్నప్పటి నుంచీ ఉంది" అని వచ్చి, "ఇంకొంచెం కృషి చెయ్యాలి"గా మారింది. పిల్లలు నోట్లో చేతిగుడ్డలు కుక్కుకుని నవ్వు ఆపుకునేవాళ్లు. టీచర్ తలెత్తి చూస్తే అందరూ బుద్ధిమంతులే.

కిటికీ పక్కన కూర్చునే పిల్ల మాత్రం నవ్వేది కాదు. ఎలా నవ్వుతుంది? ఆ టీచర్ తనను కన్నతల్లి.

సంగతి చెప్పేస్తే అమ్మ సిగ్గుతో తలెత్తుకోలేదు. చెప్పకపోతే అమ్మను చూసి అందరూ నవ్వుతుంటే తను గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవాలి. ఎటూ పాలుపోక లోలోపల నలిగిపోయింది. అది చాలదన్నట్టు ఇంకొకటి. అందరి పేరాల కిందా అమ్మ రెండు మాటలు రాసేది, చెరిపేది ఒకటి, ఉంచేది ఒకటి. తన పేరా కింద మాత్రం టకటకా "సరే" అని కొట్టి ముందుకు వెళ్లిపోయేది. మెచ్చుకోలు లేదు, కనీసం ఒక తిట్టు లేదు. మైకును తిట్టినట్టు తననూ తిడితే బాగుండునని ఆ పిల్ల కుళ్లుకుందంటే మీరు నవ్వకండి. పద్నాలుగేళ్ల మనసుకు అది చాలా పెద్ద బాధ.

ఆ ఉక్రోషంలోనే హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్లింది. అమ్మ పాఠం చెప్తుంటే తనకు మనసు నిలవడం లేదని, వేరే సెక్షన్‌లో వెయ్యమని అడిగింది. మీ అమ్మతో మాట్లాడి, ఆవిడ ఒప్పుకుంటే మారుస్తానని హెడ్‌మిస్ట్రెస్ అంది. ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ ఆ ఊసే ఎత్తలేదు. ఆరిన బట్టలు మడత పెట్టింది. కూతురి యూనిఫాం జేబులో ఉండిపోయిన పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. అంతే. అంటే తను వెళ్లిపోయినా అమ్మకు పెద్ద తేడా లేదన్నమాట అనుకుని ఆ పిల్ల దుప్పటి ముసుగు తన్నింది.

మర్నాడు గుండె పాఠం. టీచర్ వరసగా దిద్దుకుంటూ కూతురి పేరా దగ్గరికి వచ్చి ఆగింది. ఎర్ర కర్సర్ అక్కడే మినుకుమినుకుమంటోంది. "సరే" రాలేదు.

"హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను పిలిచి అడిగారు" అని వచ్చింది. చెరిగిపోయింది.

"నాతో ఒక్క మాట అనాల్సింది, చిన్నీ" అని వచ్చింది. అదీ పోయింది.

ఆ పిల్లకు గుండె గుభేలుమంది. ఇంట్లో పిలిచే పేరు, ఇంటి సంగతి, క్లాసంతా చదువుతోంది. ఈసారి అక్షరాలు ఆగకుండా పడుతున్నాయి. "నీ పేరా దగ్గరికి వచ్చేసరికి నాకు చెయ్యి ఆడదు. బాగుందంటే కూతురు కాబట్టి రాసిందంటారు. తప్పు పడితే ఇంటికెళ్లి నీ మొహం ఎలా చూడను? అందుకే సరే అని రాసి పారిపోతున్నాను."

వెనక బల్ల మీద టప్‌మని చప్పుడైంది. మైకు తన లాప్‌టాప్ మూత వేసేశాడు. పక్కవాడు వాడి వంక చూసి తనదీ మూసేశాడు. ఆ తర్వాత ముందు బల్ల అమ్మాయి, ఆమె వెనకవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు అందరూ మూసేశారు. ఎవరూ నవ్వలేదు.

టీచర్ తలెత్తి, నెట్ పోయిందా అని అడిగింది.

"పోయింది టీచర్" అన్నాడు మైకు. వాడికి అంత చిన్న గొంతు ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

నాకు బాగానే ఉందే అని గొణుక్కుంటూ ఆవిడ మళ్లీ స్క్రీన్ వైపు వంగింది. గదిలో ఇంకా తెరిచి ఉన్నది కూతురి లాప్‌టాప్ ఒక్కటే. అందులో అంతవరకూ రాసిందంతా చెరిగిపోయి, కొత్తగా ఇంకొకటి వచ్చింది. "వెళ్లు. అక్కడి టీచర్ నాకంటే బాగా చెప్తారు." టీచర్ చెయ్యి ఈసారి ఎంటర్ వైపు వెళ్లింది.

ఆ పిల్ల దిగ్గున లేచి, బల్లల మధ్య నుంచి పరుగున వచ్చి, తల్లి పక్కన నిలబడింది.

"అమ్మా, నువ్వు ఎంటర్ కొట్టక్కర్లేదు. నువ్వు రాస్తుంటేనే మాకందరికీ కనిపిస్తుంది."

"చెరిపేసినవి కూడానా?"

"అవి కూడా. మొదటి నుంచీ."

టీచర్ మూతలు పడ్డ లాప్‌టాప్‌ల వంక చూసింది. అవి ఎందుకు మూతపడ్డాయో అప్పుడు అర్థమైంది. ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. చెంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది గానీ మళ్లీ పెట్టుకోలేదు. ఎవరి కళ్లలోకీ చూడలేక పెట్టుకోలేదని కూతురికి తెలిసిపోయింది.

మైకు లేచి నిలబడ్డాడు. మొదట్లో నవ్వుకున్న మాట నిజమేనని ఒప్పుకున్నాడు. "కానీ టీచర్, ప్రయత్నం బాగుంది అంటే నేనేం దిద్దుకోవాలో నాకెలా తెలుస్తుంది? మీరు చెరిపేసినవి చూసే దిద్దుకున్నాం. కప్ప సంగతి ఈ జన్మలో మర్చిపోను."

క్లాసు గొల్లుమంది. టీచర్ కూడా నవ్వింది, కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. అప్పుడు కూతురి వైపు తిరిగి, వీళ్లు నవ్వుతున్నారనే వెళ్లిపోతానన్నావా అని మెల్లగా అడిగింది.

"నేనూ అదే అనుకున్నాను. కానీ అది కాదమ్మా. అందరికీ చెరిపెయ్యడానికైనా ఏదో ఒకటి రాస్తావు. నాకు అది కూడా రాయవు."

టీచర్ కళ్లు తుడుచుకుంది. కళ్లద్దాలు పెట్టుకుంది. "వెళ్లు" అన్నదాన్ని మొత్తం చెరిపేసింది. కూతురి పేరాను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివింది. ఎర్రక్షరాలు మొదలయ్యాయి.

"గుండె గురించి ఇంత రాసి కవాటాల ఊసే ఎత్తలేదేమే? రక్తం వెనక్కి పోకుండా మీ నాన్న ఆపుతాడా? తొందర, ఒట్టి తొందర. చివరి వాక్యం మాత్రం నేను కూడా రాయలేను, అంత బాగుంది."

అలవాటు కొద్దీ ఆవిడ వేలు చెరిపే మీట మీదికి వెళ్లింది. కూతురు ఆ వేలిని పట్టుకుంది. బెల్లు కొట్టి, పిల్లలందరూ సంచులు సర్దుకుని బయటికి వెళ్లేదాకా వదల్లేదు.