ఆరును తొమ్మిది అన్న దొర

నేను ఒక టేకు పలకను. అడుగు పొడవుంటాను. ఒంటినిండా వరుసగా చిల్లులు, వాటిలో గుచ్చడానికి నాలుగు ఇత్తడి పుల్లలు. క్రిబేజ్ అనే పేకాటలో ఎవరికెన్ని పాయింట్లు వచ్చాయో గుర్తుంచుకునేది నేనే. ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట లోకోషెడ్డు వడ్రంగి నన్ను చేశాడు. చేయించుకున్నది ప్యాసింజరు బండి డ్రైవరు డెన్జిల్ దొర.

డ్యూటీకి ముందు, బండి సిబ్బంది సేదదీరే రన్నింగ్ రూములో దొర తన ఇంజన్లో బొగ్గేసే ఫైర్‌మన్ పెంచలయ్యకు ఆట నేర్పేవాడు. ఇద్దరూ ఒక్కో ముక్క వేస్తూ విలువలు కలుపుతూ పోవాలి. ముప్పై ఒకటి దాటకూడదు. సరిగ్గా ముప్పై ఒకటి చేసినవాడికి రెండు పాయింట్లు.

"లెక్కని ఇరవై ఒకటి కాడ వదిలావో, చచ్చావురా. ఎదుటోడు రాజునో రాణినో ఏసి పది కలిపేస్తాడు. నీ ముక్కలు గాదురా, వాడి చెయ్యి చూడు. యాడ తడబడతన్నాడో చూడు," అనేవాడు.

పెంచలయ్య చూడడం నేర్చుకున్నాడు. చూడకూడదనుకున్నదీ చూశాడు.

నాకు అంతకుముందే తెలుసు. కొన్నాళ్లుగా దొర పుల్ల గుచ్చేముందు గోటితో నా చిల్లులు తడుముకుంటున్నాడు. చెబుదామంటే నాకు నోరేది?

ఒక మధ్యాహ్నం లెక్క పదిహేను దగ్గరుంది. దొర ముక్క వేసి, "తొమ్మిది. ఇరవై నాలుగు," అన్నాడు.

పడింది ఆరు. లెక్క ఇరవై ఒకటి. పెంచలయ్య చేతిలో రాజు ముక్క ఉంది. అతను వెయ్యలేదు. బండి మీద ఇద్దరూ ఎవరికి వారు చూసి అరవాల్సిన సిగ్నల్‌ను, మూడు నెలలుగా తాను అరిచాకే దొర అరుస్తున్న సంగతి అప్పుడు తట్టింది. మెల్లగా ఇంకో ముక్క తీసి పైకెత్తాడు.

"ఇదేంది దొరా?"

"ఎనిమిది."

"ఐదు దొరా."

బయట ఇంజన్ బుసకొడుతోంది. పెట్టెల నిండా జనం.

"ఇంకో ఏడాదేరా, రిటైరై దిగిపోతా," దొర గొంతు తగ్గించాడు. "నీ కళ్లు బాగుండాయి గదా. నువ్వు చెప్తా ఉండు, నేను తోలతా."

పెంచలయ్య ముక్కలు బోర్లించి లేచాడు. "మీరెక్కితే నేనెక్కను దొరా. షెడ్డు ఫోర్‌మన్ కాడికి పోతుండా."

అతను గుమ్మం దాటాక దొర కేకేశాడు. "ఆగరా! నేనే చెప్తా."

బండి వేరే డ్రైవరుతో గంటన్నర ఆలస్యంగా కదిలింది. దొర మళ్లీ ఇంజన్ ఎక్కలేదు. ఆరు నెలలు పెంచలయ్యతో మాట్లాడనూ లేదు. తర్వాత ఒక ఆదివారం ఆయనే కబురంపి తన ఇంటికి పిలిపించి ఆటకు కూర్చోబెట్టాడు. ఇద్దరి ముక్కలూ పెంచలయ్యే పైకి చదువుతున్నాడు. దాచుకునేదేమీ లేని ఆట. సగంలో దొర అడిగాడు.

"ఆ మూడు నెలల్లో ఎప్పుడన్నా సిగ్నల్ చెప్పకుండా వదిలేశావంట్రా?"

పెంచలయ్య ముక్కలు కింద పెట్టాడు.

"ఒకసారి దొరా. కావలి స్టేషన్ దాటినాక. వొంగి బొగ్గేస్తా ఉంటిని. మీరు చూస్తన్నారనుకుంటిని."

"ఏముంది సిగ్నల్?"

"ఇప్పటికీ తెలీదు దొరా."

దొర చేతిలో పుల్ల ఉంది. దాన్ని ఆయన నా ఏ చిల్లులోనూ గుచ్చలేదు.