ఎల్వీరా పేరు లేని రికార్డు

పందొమ్మిదేళ్లప్పుడు నోరినా పాడిన ఒక్క పాట ఆ వేసవంతా ఇటలీలో సముద్రపు ఒడ్డున ఏ హోటల్లో విన్నా మోగింది. తర్వాత ఎనిమిది రికార్డులు వచ్చాయి, ఒక్కటీ నిలబడలేదు. నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో, ఊళ్ల పండగల్లో ఆ ఒక్క పాటే పాడుకుంటూ బతికింది.

ఆ పాట కట్టింది వాళ్లమ్మ ఎల్వీరా. తమ ఊరు కొమాక్కియోలో మలుగు చేపలను ఇనుప చువ్వలకు గుచ్చి కాల్చే కార్ఖానాలో, పొగకు కళ్లు మండుతుంటే మేస్త్రీని తిట్టుకుంటూ కట్టింది. నోరినా దాన్ని మిలన్‌లో సంగీత దర్శకుడు కవల్లారికి వినిపించింది. ఆయన మాటలు మార్చి, ప్రేమ పాట చేసి, రికార్డు మీద తన పేరే వేసుకున్నాడు.

"కూలోళ్ల కూనిరాగానికి తల్లీ తండ్రీ ఏంటే పిల్లా?" అని నవ్వాడు.

ఎల్వీరా రికార్డును అటూ ఇటూ తిప్పి, "నా పేరేదే?" అని ఒక్కసారి అడిగింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆరేళ్లకు పోయింది.

కవల్లారికి ఎనభై నిండాయని రోమ్‌లో టీవీ వాళ్లు సన్మానం పెట్టి నోరినాను పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం ప్రత్యక్ష ప్రసారం. కార్యక్రమం నడిపే రెనాతో అనే అతను చేతులు కట్టుకుని అడిగాడు: "నోరినా గారూ, చేపల కంపులో మగ్గిపోవాల్సిన మిమ్మల్ని తారను చేసిన గురువుగారికి ఏం చెప్తారు?"

నోరినాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ కంపులోనే పుట్టిందయ్యా ఈ పాట! మా అమ్మది. కవల్లారి గారూ, కాదని నా మొహం చూసి చెప్పండి."

కవల్లారి జాలిగా తల అడ్డంగా ఊపాడు. "పాపం, నోరినాకు వయసు మీద పడింది."

హాలంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆమెకు కారం రాసినట్టయింది.

"వయసు మీద పడింది మీకు. నాకు ప్రతి ముక్కా గుర్తుంది," అని తమ ఊరి యాసలో అమ్మ మాటలు ఎత్తుకుంది. రెండో చరణానికే మైకు ఆపేశారు. ప్రకటనలు వేశారు.

మర్నాడు పత్రికలన్నీ 'అక్కసుతో పాత గాయని రచ్చ' అని రాశాయి. పండగల వాళ్లు వరసగా వద్దన్నారు. ఎల్వీరా పక్కన నిలబడి పనిచేసిన ముగ్గురు ముసలమ్మలు మాత్రం ఎవరూ పిలవకుండానే ఫెర్రారాలో లాయరు దగ్గరికి వెళ్లి, "రికార్డు రాకముందే మేమీ పాట పాడాం, రాసుకో నాయనా," అని వేలిముద్రలు వేశారు. ఆ సాక్ష్యంతో నోరినా వేసిన కేసు నాలుగేళ్లు సాగింది. తీర్పు రాకముందే కవల్లారి పోయాడు, కేసూ అక్కడితో ఆగింది. ఆయన పోయాక ఆయన గొప్పలు రాసిన ప్రతివాడూ మొదట ఆ పాటనే ఆయన పాటగా రాశాడు.

నోరినా ఇప్పుడు కొమాక్కియోలోనే, వంతెన మెట్ల మీద, అమ్మ మాటలతోనే పాడుతుంది. మొన్న ఆగస్టులో ఎవరో పెద్దమనిషి, "ఆ ప్రేమ మాటలు పాడమ్మా, ఇవి అర్థం కావట్లేదు," అన్నాడు.

"అవి కావాలంటే ఆయన సమాధి దగ్గరికి పోయి అడుక్కో," అంది నోరినా.

అని, మేస్త్రీని తిట్టే చరణం మళ్లీ మొదటి నుంచి అందుకుంది.